పంక్ గీతకర్తకు అభిమానుల నివాళి: జో స్ట్రమ్మర్ పాటలు, సహాయార్థ ఆల్బమ్, రాయల్టీ

వ్యాససంగ్రహం

మరణించిన గీతకర్త పాటలను అభిమానులూ తోటి సంగీతకారులూ తిరిగి పాడి, ఆల్బమ్‌గా కూర్చి, ఆదాయాన్ని ఒక సేవాకార్యానికి అందించే సంప్రదాయం పాశ్చాత్య జనప్రియ సంగీతంలో మూడు దశాబ్దాలకు పైగా కొనసాగుతోంది. దీనిని సంతాపప్రకటనగా మాత్రమే చూడటం సరిపోదు. పాట ఒక ఆస్తి కూడా కాబట్టి, నివాళి అర్పించే ప్రతి అభిమానీ తెలిసో తెలియకో ఆ ఆస్తిని వినియోగిస్తున్నాడు. బ్రిటిష్ పంక్ బృందం ‘ది క్లాష్’ గాయకుడు, గీతకర్త జో స్ట్రమ్మర్ (1952–2002) పాటలను ప్రధాన ఉదాహరణగా తీసుకొని, ఇటువంటి ఆల్బమ్‌లో డబ్బు ఏ దారిన నడుస్తుందో, పంక్ విలువలకు ఆ దారి ఎంతవరకు పొసగుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పంక్ సంగీతం, నివాళి ఆల్బమ్, జో స్ట్రమ్మర్, కవర్ పాట, మెకానికల్ రాయల్టీ, కాపీరైట్ చట్టం.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్యరంగంలో ఒక రచయిత కన్నుమూసినప్పుడు మిత్రులు, శిష్యులు తలా కొంత వేసుకొని సంస్మరణ సంచిక వెలువరించడం పరిపాటి. పాశ్చాత్య సంగీతంలోని నివాళి ఆల్బమ్ కొంతవరకు దీనికి సమానమైనదే. ఒక తేడా మాత్రం ముఖ్యమైనది. సంస్మరణ సంచికలో రాసేవారు ఆ రచయిత గురించి రాస్తారు. నివాళి ఆల్బమ్‌లో పాడేవారు ఆ గీతకర్త రచననే మళ్లీ పాడతారు. మొదటిదానిలో వ్యాసం రాసినవారిది. రెండోదానిలో గొంతు పాడినవారిది, పాట మాత్రం పోయినవారిది. ఈ రెండో స్థితి నుంచే తరువాతి చిక్కులన్నీ పుడతాయి.

నివాళినీ సహాయనిధినీ జోడించే పద్ధతికి విస్తృత ప్రచారం తెచ్చిన ఆల్బమ్ 1990లో వెలువడిన ‘రెడ్ హాట్ ప్లస్ బ్లూ’. 1964లో మరణించిన అమెరికన్ గీతకర్త కోల్ పోర్టర్ పాటలను నాటి రాక్, పాప్ కళాకారులు తమతమ బాణీల్లో పాడగా, ఆదాయం ఎయిడ్స్ నివారణ కృషికి చేరింది. 1993లో గాయని విక్టోరియా విలియమ్స్ వైద్యఖర్చుల కోసం తోటి కళాకారులు ఆమె పాటలతో ‘స్వీట్ రిలీఫ్’ రూపొందించారు. ఆమె అప్పటికి జీవించే ఉన్నారు. ఆ ప్రయత్నమే తరువాత కష్టాల్లో ఉన్న సంగీతకారులను ఆదుకునే శాశ్వత నిధిగా మారింది. ఈ రెండూ పెద్ద కంపెనీల అండతో, పేరున్న కళాకారులతో సాగినవి. ఇవాళ ఇదే పని చేయడానికి అభిమానికి కంపెనీ అవసరం లేదు. పాల్గొనే బృందాలు తమ ఖర్చుతో తామే రికార్డు చేసి పంపుతాయి, ఎవరో ఒకరు శబ్దస్థాయిలను సరిచేస్తారు, బొమ్మ గీయగలవారు ముఖచిత్రం ఇస్తారు, 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ వంటి వేదికపై ఆల్బమ్ అమ్మకానికి వస్తుంది.

ఈ స్వయంకృషి పంక్‌కు కొత్త కాదు. మాంచెస్టర్ బృందం ‘బజ్‌కాక్స్’ 1977 జనవరిలో, అప్పు తెచ్చిన 500 పౌండ్లతో ‘స్పైరల్ స్క్రాచ్’ అనే నాలుగు పాటల రికార్డును తామే అచ్చువేసి విడుదల చేసింది. వేయి ప్రతులతో మొదలైన ఆ రికార్డు, కంపెనీ తలుపు తట్టకుండానే పాటను లోకంలోకి పంపవచ్చని ఒక తరానికి చూపింది. అభిమానులు కూర్చే నివాళి ఆల్బమ్‌కు సంగీతపరమైన తాత ఎవరని అడిగితే కోల్ పోర్టర్ ఆల్బమ్‌ను కాక, ఈ నాలుగు పాటల రికార్డునే చూపాలి.

2. ధర తగ్గించడం ఒక రాజకీయ చర్య

జో స్ట్రమ్మర్ అసలు పేరు జాన్ గ్రాహం మెల్లర్. టర్కీ రాజధాని అంకారాలో 1952 ఆగస్టు 21న జన్మించాడు. తండ్రి బ్రిటిష్ విదేశాంగ శాఖ ఉద్యోగి. ఆయన పుట్టింది లక్నోలో. లండన్ భూగర్భ రైల్వే స్టేషన్లలో చిన్న తీగవాద్యం వాయిస్తూ చిల్లర సంపాదించిన రోజుల నుంచి ‘స్ట్రమ్మర్’ అనే పేరు వచ్చింది. తీగలను బరబరా మీటేవాడని దాని అర్థం. తన వాదనాపటిమపై తానే వేసుకొన్న చలోక్తి అది.

1976లో ఏర్పడిన ది క్లాష్, మరుసటి ఏడు జనవరిలో సీబీఎస్ కంపెనీతో లక్ష పౌండ్ల ఒప్పందం చేసుకొంది. పంక్ ఆనాడే చచ్చిపోయిందని గిట్టనివారు ఎత్తిపొడిచారు. ఆ విమర్శకు బృందం ఇచ్చిన సమాధానం మాటల్లో కాక ధరపట్టీలో కనిపిస్తుంది. 1979 డిసెంబరులో రెండు రికార్డుల ‘లండన్ కాలింగ్’ను దాదాపు ఒక రికార్డు ధరకే అమ్మించారు. సరిగ్గా ఏడాదికి మూడు రికార్డులు, 36 పాటలు గల ‘సాండినిస్టా!’ను 5.99 పౌండ్లకు విడుదల చేయించారు. కంపెనీ దీనికి ఊరికే ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో అమ్ముడయ్యే మొదటి రెండు లక్షల ప్రతులపై తమ రాయల్టీని బృందమే వదులుకొంది. నికరాగువా విప్లవ సంఘటన పేరిట ఆల్బమ్ క్రమసంఖ్యను కూడా ‘ఎఫ్‌ఎస్‌ఎల్‌ఎన్ 1’ అని వేయించారు.

ఈ నిర్ణయం బృందాన్ని అప్పుల్లో ఉంచింది. దానిని కేవలం ఔదార్యంగా చెప్పుకోవడం అభిమానుల అలవాటు. అందులో మొండితనం పాలూ తక్కువ కాదు. ఏమైనా, పాటపై తనకు రావలసిన సొమ్మును శ్రోత కోసం వదులుకోవడం గీతకర్త బతికి ఉండగానే చేసి చూపిన పని. అతని మరణానంతరం అభిమానులు సహాయార్థ ఆల్బమ్ కూర్చడం ఆ అలవాటుకు కొనసాగింపే అవుతుంది.

సహాయార్థ వేదికలూ అతనికి కొత్త కావు. జాతివివక్షకు వ్యతిరేకంగా 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో జరిగిన బహిరంగ సభలో క్లాష్ వాయించింది. 2002 నవంబరు 15న సమ్మెలో ఉన్న అగ్నిమాపక సిబ్బంది కోసం ఆక్టన్ టౌన్ హాలులో స్ట్రమ్మర్ తన కొత్త బృందంతో పాడుతుండగా, శ్రోతల్లో ఉన్న పూర్వసహచరుడు మిక్ జోన్స్ ముందస్తు ఏర్పాటు లేకుండా వేదిక ఎక్కాడు. దాదాపు ఇరవై ఏళ్ల తరువాత ఇద్దరూ కలిసి వాయించిన ఆ సందర్భం వసూలు కోసం ఏర్పాటైన కచేరీలోనే సంభవించింది. ఐదు వారాలకు, డిసెంబరు 22న, అప్పటివరకు బయటపడని పుట్టుకతో వచ్చిన గుండెలోపం వల్ల స్ట్రమ్మర్ తన ఇంట్లో మరణించాడు. వయస్సు 50.

3. అభిమాని ఎంపిక

క్లాష్ పాటలకు సంబంధించి రెండు నివాళి ఆల్బమ్‌లను పక్కపక్కన పెడితే, కంపెనీ కూర్చినదానికీ అభిమాని కూర్చినదానికీ ఉన్న తేడా తెలుస్తుంది. మొదటిది 1999లో, స్ట్రమ్మర్ జీవించి ఉండగానే వచ్చిన ‘బర్నింగ్ లండన్’. నో డౌట్, రాన్సిడ్, ఇండిగో గర్ల్స్, మోబీ వంటి పేరున్నవారు అందులో పాడారు. రెండోది రాక్ విమర్శకుడు జిమ్మీ గుటర్‌మన్ పూనికతో 2007లో వెలువడిన ‘ది సాండినిస్టా! ప్రాజెక్ట్’. దానిని ఇక్కడ ప్రస్తావించడం సహాయనిధి కోణంలో కాదు, ఎంపిక కోణంలో.

కంపెనీ ఆల్బమ్ సాధారణంగా పేరున్న పాటలను ఏరుకొంటుంది. గుటర్‌మన్ మూల ఆల్బమ్‌లోని 36 పాటల్లో దేనినీ వదలకుండా ఒక్కో కళాకారుడికో బృందానికో అప్పగించాడు. ‘సాండినిస్టా!’ తెలిసినవారికి ఇందులోని సాహసం అర్థమవుతుంది. ఆ ఆల్బమ్‌లో రెగె, డబ్, కాలిప్సో, వాల్ట్‌జ్, క్రైస్తవ భజనబాణీ, అప్పుడప్పుడే పుడుతున్న ర్యాప్ అన్నీ ఉన్నాయి. తమ తొలినాటి పంక్ పాటనే చిన్నపిల్లల చేత పాడించిన ముక్క ఒకటుంది. ఆరో పక్కలో చాలా భాగం అదే ఆల్బమ్‌లోని పాటలకు చేసిన డబ్ రూపాంతరాలు. ‘మెన్స్‌ఫర్త్ హిల్’ అనేది ‘సమ్‌థింగ్ అబౌట్ ఇంగ్లండ్’ పాట టేపును వెనుక నుంచి ముందుకు తిప్పి, దానిపై ఇతర శబ్దాలు అతికించినది. దానికి పాడదగిన సాహిత్యం లేదు.

వెనక్కి తిప్పిన టేపును ‘తిరిగి పాడటం’ అంటే ఏమిటి? టేపునే మళ్లీ వాడితే అది నివాళి కాదు, నకలు. కొత్తగా ఏదో వాయిస్తే అది ఆ పాట అని ఎలా అంటారు? అమ్మకాల దృష్టి ఉన్న సంకలనకర్త ఈ ప్రశ్న జోలికే పోడు. ఇష్టమైన ఆల్బమ్‌లో విసుగుపుట్టించే భాగాలను కూడా తనవిగా భావించే అభిమాని మాత్రమే దీనిని ఎదుర్కొంటాడు. ‘సాండినిస్టా!’లో సగం తీసేస్తే గొప్ప ఆల్బమ్ అయ్యేదని విమర్శకులు తరచుగా అనేమాట. ఆ సగమేదో తేల్చడానికి నిరాకరించడమే గుటర్‌మన్ నివాళిలోని విశిష్టత.

4. పాట ఎవరిది, డబ్బు ఎవరికి

ఒక పాట రికార్డులో రెండు హక్కులు ఇమిడి ఉంటాయి. సాహిత్యం, బాణీ కలిసిన రచనపై హక్కు ఒకటి. దానిని ఫలానా రోజున ఫలానా స్టూడియోలో పాడిన శబ్దముద్రణపై హక్కు మరొకటి. అభిమాని తన గొంతుతో తిరిగి పాడినప్పుడు రెండో హక్కుతో అతనికి పనిలేదు. మొదటిది మాత్రం తప్పదు.

అమెరికాలో ఈ మొదటి హక్కుకు ‘తప్పనిసరి లైసెన్సు’ అనే ఏర్పాటు ఉంది. దాని పుట్టుక ఆసక్తికరమైనది. తనంతట తాను మోగే పియానోలో తొడిగే చిల్లుల కాగితపుచుట్ట మనిషి కంటితో చదవదగినది కాదు కాబట్టి అది స్వరలిపికి నకలు కాదని 1908లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడు అమెరికా కాంగ్రెస్ చట్టం మార్చి, యంత్రం ద్వారా మోగే ప్రతి ప్రతికి రచయితకు రెండు సెంట్లు చెల్లించాలన్నది. అదే సమయంలో ఒకసారి రచయిత అనుమతితో రికార్డయిన పాటను, నిర్ణీత రుసుము చెల్లించి ఎవరైనా తిరిగి రికార్డు చేయవచ్చని కూడా అన్నది. ఆ రుసుముకు ‘మెకానికల్ రాయల్టీ’ అనే పేరు ఆ యంత్రపు పియానో నుంచే వచ్చింది. ఐదు నిమిషాలు మించని పాటకు 2006 నుంచి 2022 వరకు ప్రతికి 9.1 సెంట్లుగా ఉన్న ఈ రేటు 2025లో 12.7 సెంట్లకు చేరింది.

లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఇరవై పాటల నివాళి ఆల్బమ్ డౌన్‌లోడును పది డాలర్లకు అమ్మారనుకొందాం. ఇరవై పాటలకు రచయిత వాటా 2.54 డాలర్లు. బ్యాండ్‌క్యాంప్ తన వంతుగా డిజిటల్ అమ్మకంపై 15 శాతం, అంటే డాలరున్నర తీసుకొంటుంది. చెల్లింపు రుసుములు పక్కనపెట్టినా సేవాసంస్థకు చేరేది ఆరు డాలర్ల లోపే. పాడినవారు, సరిచేసినవారు, బొమ్మ గీసినవారు ఒక్క సెంటూ తీసుకోకపోయినా ధరలో నాలుగో వంతు పాట హక్కుదారులకు వెళ్తుంది. ‘ఆదాయమంతా సేవకే’ అని ముఖచిత్రంపై వేసే మాట నిజం కావాలంటే హక్కుదారులు తమ వాటాను వదులుకోవాలి, లేదా నిర్వాహకుడు ఆ మొత్తాన్ని తన జేబునుంచి కట్టాలి. చాలా చిన్న ఆల్బమ్‌లలో మూడో మార్గం ఒకటి నడుస్తుంది: లైసెన్సు ఊసే ఎత్తకపోవడం. ప్రేమతో చేసిన పని కాబట్టి ఎవరూ అడగరనే నమ్మకం దాని వెనుక ఉంది. నమ్మకం మంచిదే కాని, అది గీతకర్త కుటుంబం పేరిట మరొకరు చేసే దానం.

బ్రిటన్‌లో ఇటువంటి చట్టబద్ధ లైసెన్సును 1988 చట్టం రద్దు చేసింది. అక్కడ రచయితల తరఫున పనిచేసే సంఘమే లైసెన్సులు ఇస్తుంది. రికార్డుల విషయంలో దుకాణదారుకు అమ్మే ధరలో 8.5 శాతం చెల్లించడం చిరకాలంగా వస్తున్న రేటు.

క్లాష్ విషయంలో మరో చిక్కు ఉంది. తొలి ఆల్బమ్‌లలోని అధికభాగం పాటలు స్ట్రమ్మర్, జోన్స్ ఇద్దరి పేరిట ఉన్నాయి. ‘సాండినిస్టా!’ నాటికి రచయితృత్వాన్ని బృందమంతటికీ కలిపి ఇచ్చారు. స్థూలంగా సాహిత్యం స్ట్రమ్మర్‌ది, బాణీ జోన్స్‌ది అని చెప్పుకొన్నా చట్టం దృష్టిలో అది ఉమ్మడి రచన. కాబట్టి ‘స్ట్రమ్మర్‌కు నివాళి’ అని ముద్రించిన ఆల్బమ్ ఏదైనా, నిజానికి జీవించి ఉన్న సహరచయితల పాటలతో కూర్చినదే. రాయల్టీ వదులుకొమ్మని అడగవలసింది ఒక్క కుటుంబాన్ని కాదు. మరణించినవారిని ఏకైక కర్తగా నిలబెట్టడం నివాళి ప్రక్రియకే ఉన్న బలహీనత. బృందగానంగా పుట్టిన పంక్‌లో అది మరింత కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది.

5. నిధి ఎక్కడికి వెళ్లాలి

కాలిఫోర్నియా పంక్ బృందం ‘నో యూజ్ ఫర్ ఎ నేమ్’ గీతకర్త టోనీ స్లై 2012 జులై 31న 41 ఏళ్లకే మరణించాడు. అతని పాటలు విడుదల చేస్తూ వచ్చిన శాన్‌ఫ్రాన్సిస్కో స్వతంత్ర సంస్థ ‘ఫ్యాట్ రెక్ కార్డ్స్’ 2013 అక్టోబరులో 26 పాటల నివాళి ఆల్బమ్ తెచ్చింది. నోఎఫ్ఎక్స్, రైజ్ ఎగెన్‌స్ట్ వంటి బృందాలు పాల్గొన్నాయి. ఆదాయం అతని కుటుంబం కోసం ఏర్పడిన స్మారకనిధికి వెళ్లింది. ఇటువంటి సందర్భంలో పైన చెప్పిన లెక్కలోని వైరుధ్యం తగ్గిపోతుంది. పాటల హక్కు కుటుంబానికి చెందినంతమేరకు రాయల్టీ చేరేదీ, మిగులు చేరేదీ ఒకే ఇంటికి.

స్ట్రమ్మర్ పేరిట ఏర్పడిన నిధి అటువంటిది కాదు. 2003లో అతని కుటుంబసభ్యులు, మిత్రులు ‘స్ట్రమ్మర్‌విల్’ అనే సంస్థను స్థాపించారు. అవకాశాలు లేని యువసంగీతకారులకు సాధన స్థలం, పరికరాలు, వేదికలు సమకూర్చడం దాని పని; ఇప్పుడది జో స్ట్రమ్మర్ ఫౌండేషన్ పేరుతో కొనసాగుతోంది. ఆ నిధికి డబ్బు పంపే అభిమాని పాడిన పాట, ఇంకా పేరు తెలియని మరో బృందం తన పాట పాడుకోవడానికి ఉపయోగపడుతుంది. ధర తగ్గించి శ్రోతకు మేలుచేయాలన్న గీతకర్త ఉద్దేశానికి ఇది దగ్గరగా ఉన్న ఏర్పాటు. క్యాన్సర్ పరిశోధనకో అనాథలకో ఇచ్చే విరాళం తక్కువదని కాదు. అందులో ఆ గీతకర్తే ఎందుకు అనే ప్రశ్నకు జవాబు దొరకదు.

ఇక్కడ ఒక వ్యతిరేక సాక్ష్యాన్ని దాచకూడదు. 1991లో క్లాష్ పాట ఒకటి జీన్స్ ప్రకటనలో వాడబడి, ఆ ఊపులో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 2002లో ‘లండన్ కాలింగ్’ను ఖరీదైన కారు ప్రకటనకు ఇచ్చారు. దృశ్యంతో కలిపి వాడటానికి తప్పనిసరి లైసెన్సు లేదు. హక్కుదారులు సంతకం చేయాల్సిందే, చేశారు. రాయల్టీ వదులుకొన్న చేయీ, ప్రకటనకు సంతకం పెట్టిన చేయీ ఒక బృందానివే. నివాళి ఆల్బమ్‌ల ముఖపత్రాలు మొదటి చేతినే చూపడం సహజం.

6. ఒక పాట, రెండు దారులు

1982 నాటి ‘కంబాట్ రాక్’ ఆల్బమ్‌లో ‘స్ట్రెయిట్ టు హెల్’ అనే పాట ఉంది. మూతపడిన ఉక్కు కర్మాగారాల బ్రిటన్‌లో వలసవచ్చినవారికి ఎదురయ్యే తిరస్కారం, వియత్నాంలో అమెరికన్ సైనికులు వదిలివెళ్లిన బిడ్డల దైన్యం దాని వస్తువులు. 2007లో శ్రీలంక తమిళ మూలాలున్న బ్రిటిష్ గాయని ఎం.ఐ.ఎ. ‘పేపర్ ప్లేన్స్’లో ఆ పాట ముద్రణలోని వాద్యభాగాన్నే తీసుకొని దానిపై తన పాట కట్టింది. మరుసటి ఏడు ఎ.ఆర్. రెహమాన్ సంగీతం అందించిన ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ చిత్రంలో అది వినిపించింది. అంటే ఆ సినిమా చూసిన తెలుగు ప్రేక్షకులు పేరు తెలియకుండానే క్లాష్ వాద్యాన్ని విన్నారు. ఇది శాంప్లింగ్. పాత ముద్రణనే వాడారు కాబట్టి రెండు హక్కులకూ అనుమతి కావాలి. క్లాష్ సభ్యుల పేర్లు కొత్త పాట రచయితల జాబితాలో చేరాయి.

2009 ఫిబ్రవరిలో యుద్ధపీడిత బాలల కోసం పనిచేసే ‘వార్ చైల్డ్’ సంస్థ సహాయార్థం ‘హీరోస్’ అనే ఆల్బమ్ వచ్చింది. పెద్దతరం కళాకారుల పాటలను కొత్తతరం పాడటం దాని పద్ధతి. అందులో ‘స్ట్రెయిట్ టు హెల్’ పాడింది లిల్లీ అలెన్. ఆమెతో కలిసి వాయించింది మిక్ జోన్స్. విడిచిపెట్టబడిన పిల్లల గురించిన పాట యుద్ధంలో చిక్కుకొన్న పిల్లల కోసం పనికొచ్చింది. జీవించి ఉన్న సహరచయిత పక్కనే ఉన్నాడు కనుక నాలుగో భాగంలో చెప్పిన ఏకైక కర్త అనే భ్రమకు చోటులేకపోయింది. సహాయార్థ నివాళులలో ఇంతగా అతికినది అరుదు.

7. భారతీయ చట్టంలో

ఇటువంటి ఆల్బమ్‌ను భారతదేశంలో ఎవరైనా తలపెడితే వర్తించేది 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 31సి సెక్షన్. పాట మొదటిసారి రికార్డయిన సంవత్సరం ముగిశాక ఐదేళ్ల వరకు కవర్ పాట చేయరాదు. స్ట్రమ్మర్ పాటలకు ఈ గడువు ఎప్పుడో దాటింది. ముందుగా నోటీసు ఇవ్వాలి, అది కవర్ పాట అని ముఖపత్రంపై తెలపాలి. అసలు అడ్డంకి తరువాత వస్తుంది: ప్రతి పాటకూ ఏడాదికి కనీసం 50,000 ప్రతులకు లెక్కగట్టి రాయల్టీ ముందుగానే చెల్లించాలి. అమెరికాలో ఐదువందల ప్రతులు అమ్మే అభిమాని ఐదువందలకే కడితే సరిపోతుంది. ఇక్కడ వందరెట్లకు కట్టాలి. మార్కెట్‌ను ముంచెత్తే చౌకబారు నకళ్లను అరికట్టడానికి ఉద్దేశించిన నియమం, లాభాపేక్షలేని చిన్న ప్రయత్నాన్నీ అదే త్రాసులో తూస్తుంది. తక్కువ ప్రచారం గల భాషల విషయంలో ఈ కనీససంఖ్యను తగ్గించే వీలును చట్టం ఉంచింది కాని, అది ఆ భాషల పాటలకే తప్ప నిర్వాహకుడి ఉద్దేశానికి సంబంధించినది కాదు.

బాణీ మార్పు విషయంలోనూ తేడా ఉంది. అమెరికన్ చట్టం మూలస్వరాన్నీ పాట స్వభావాన్నీ చెడగొట్టనంతవరకు పాడేవారి శైలికి తగినట్లు అమరికను మార్చుకోనిస్తుంది. భారతీయ చట్టం సాంకేతికంగా అవసరమైనవి, లేదా హక్కుదారు సమ్మతితో ఇదివరకే జరిగినవి తప్ప ఇతర మార్పులను అంగీకరించదు. పంక్ పాటను డప్పుపై పాడాలనుకొనేవారు ఈ వాక్యం దగ్గర ఆగవలసి వస్తుంది. అనువాదం రెండు దేశాల్లోనూ లైసెన్సు పరిధికి బయటిదే. ‘స్ట్రెయిట్ టు హెల్’ను తెలుగులో పాడి దానిపై వచ్చే సొమ్మును ఏ బాలల సంస్థకు ఇవ్వదలచినా, మొదట పాట హక్కులు చూసే ప్రచురణ సంస్థ నుంచి విడిగా రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి.